తలకిందుల ముద్ర

ఏజెంట్ డానియేలు చనిపోయి మూడు రోజులైంది. సైదాబాద్‌లో బస్సు దిగుతుండగా సైలెన్సర్ పిస్టల్‌తో కాల్చారు. జేబులో ఒక పాత వెండి చెంచా వదిలేశారు. దానిమీద మేకర్ మార్క్, అంటే తయారీదారు ముద్ర, ‘DS’. డానియేలు ఇంటిపేరు సాల్మన్.

రెండు నెలల్లో అయిదుగురు ఏజెంట్లు, అయిదు చెంచాలు. విదేశీ ముఠా హంతకుడికి ఆర్డర్లు పంపే పద్ధతి అది. మేకర్ మార్క్ చోట చనిపోవలసినవారి ఇనీషియల్స్, ఏడాదిని తెలిపే అక్షరం చోట చంపవలసిన గంట.

ఆరో చెంచా ఎయిర్‌పోర్ట్‌లో దొరికింది. కానీ దాని ఫోటో అప్పటికే హంతకుడి ఫోన్‌కు చేరిపోయింది.

“ఆర్డర్ చేరిన రోజే చంపుతారు, అంటే ఈరోజే. లెటర్ D, నాలుగో అక్షరం, అంటే నాలుగు గంటలు. మార్క్ ‘WV’. ఆ ఇనీషియల్స్‌తో మనకెవరూ లేరు” అన్నాడు చీఫ్ ప్రేమ్‌రాజ్.

మూడుంబావుకు ఏజెంట్ జగదీశ్వర్ గ్యాస్ స్టవ్ మెకానిక్ వేషంలో జహనుమాలోని గుండయ్య ఇంటికి చేరాడు. గుండయ్య నలభై ఏళ్లుగా పాత వెండికి మాట్లు వేస్తున్నాడు.

ముసలాయన భూతద్దం కంటికి బిగించాడు. “సింహం ముద్రంటే స్టెర్లింగ్, మేలైన వెండి. లంగరంటే బర్మింగ్‌హామ్‌ల పరీక్ష చేసిన్రని. ఈ రెండూ అసలువే. మేకర్ మార్క్, ఏడాది అక్షరం మాత్రం నిన్నగాక మొన్న కొట్టిన్రు, అంచు ఇంకా గీరుకుంటున్నది.”

“ఆ ‘WV’ ఎవరు, బాపు?”

“WV ఎక్కడిది, బిడ్డా? అక్షరాల చుట్టున్న డాలు బొమ్మ మొన కిందికుండాలె, ఇది పైకున్నది. పాత సామాన్ల మేకర్ మార్క్ ఒక్కోపారి తలకిందులు పడ్తది. సింహాన్ని నిలబెట్టి మీరు అక్షరాలు గట్లనే చదివిన్రు.” చెంచా తిప్పాడు. “గిప్పుడు సూడు. A, M. A నడుమ గీత సరిగ పడలే.”

జగదీశ్వర్ ఫోన్ తీశాడు. అఖిలా మార్గరెట్! మొఘల్‌పురాలో ముఠా నడిపే యాంటిక్ షాపులో సేల్స్ గర్ల్‌గా ఉంటూ ఏడాదిగా డిపార్ట్‌మెంట్‌కు కబుర్లు పంపుతున్న డబుల్ ఏజెంట్. డ్యూటీలో ఆమె ఫోన్ ఆఫ్.

శాలిబండ దగ్గర ట్రాఫిక్ ఆగింది. బైక్ వదిలేసి పరిగెత్తాడు.

మూడు యాభై తొమ్మిది. షాపులో ఒకే కస్టమర్. టీపాట్ డబ్బాలోంచి పిస్టల్ తీస్తున్నాడు. ఆకుపచ్చ పట్టుచీరలో అఖిల కౌంటర్ వెనుక కదలకుండా నిలబడింది. జగదీశ్వర్ గుమ్మం పక్కనున్న వెండి ట్రే విసిరాడు. అది మణికట్టుకు తగిలింది. గుండు సీలింగ్‌లోకి పోయింది. మరుక్షణం హంతకుడు నేలమీద, చేతులు వెనక్కి. వాడి ఫోన్‌లో ముఠా మొత్తం ఉంది.

“నన్ను బచాయించినవా?” అఖిల గొంతులో సంతోషం లేదు. “ఎందుకొచ్చినవ్, జగదీశ్?”

“నిన్ను చంపుతుండ్రు!”

“తెల్సు. ఆ అయిదు పేర్లు వాళ్లకు ఇచ్చింది నేనే. మా తమ్ముడు పింటూ వాళ్ల చేతిల ఉండె. నిన్న పొద్దున వాన్ని గూడ చంపిన్రు. ఇగ నా వంతు ఎప్పుడొస్తదా అని కూసున్న.”

అతను ఆమెకు పిస్టల్ గురిపెట్టాడు. డానియేలు పెళ్లిలో ఈమె పాడిన పాట గుర్తొచ్చింది. దించేశాడు. జేబులోంచి బేడీలు తీశాడు. ఆమె తనంతట తానే చేతులు చాచింది.

ఫోన్ మోగింది. ప్రేమ్‌రాజ్.

“మన ఏజెంట్ సేఫేనా?”

“సేఫే సార్. కానీ మన ఏజెంట్ కాదు.”