తెన్మొళి అమ్మ రాసే గది

చెట్టికరై దోవలో, రచయిత్రి తెన్మొళి అమ్మ ఇంటి పెరట్లో సిమెంటు రేకుల గది ఒకటుంది. పొద్దుగూకితే ఆ పక్కకు కుక్క కూడా పోదు. నేను తొప్పూరు కనుమలో రెండు చిరుతల్ని రెండు చంకల్లో ఇరికించుకుని లారీ ఎక్కినవాణ్ణి... ఆ గది ముందర మాత్రం చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తినాను. అబద్ధమైతే నా మీసం గొరగండి!

ఆ యమ్మ రాసేవన్నీ హత్యల నవలలే. తమిళనాడంతా చదువుతుంది. పగలు ఆ గదిలో కూర్చుని కాగితం మీద మనుషుల్ని చంపుతుంది. మసకచీకటి పడితే, అట్లా చచ్చినవాళ్లంతా దెయ్యాలై లేస్తారని ఊరి మాట. కత్తివేటు వినిపిస్తుంది. ఆడగొంతు అరుస్తుంది. తెల్లారి చూస్తే తలుపు కింద ఎర్రటి మడుగు...

ఇంక, లోపల జరిగింది మేస్త్రీ మాదేశ్వరన్ నాకు చెప్పిన సంగతి. తల్లి పోయినాక వాణ్ణి చంకనేసుకుని పెంచిన అక్క మునియక్క, ఆ ఇంట్లోనే వంట చేస్తుంది. రోజూ ఏడుకల్లా ఇల్లు చేరే మనిషి, ఒక రాత్రి తొమ్మిదైనా రాలేదు. ఫోను ఎత్తలేదు.

వాడు పెరటి గోడ దూకినాడు. పన్నెండడుగుల గోడ! ఒక్క దూకు!

గది తలుపు మూసి ఉంది. సందులోంచి సన్నగా వెలుతురు.

తప్... తప్... కండ మీద కత్తి పడుతున్న చప్పుడు.

"అయ్యో నాయనా... చంపుతా ఉండారే... నా మెడ ఇడువు..."

వాడు తలుపుకు చెవి ఆనించినాడు.

తెలుగు!

ఆ వీధంతా తమిళమే. తెన్మొళి అమ్మ కూరగాయలు బేరమాడినా తమిళమే, తిట్టినా తమిళమే. ఆ ఇంట్లో తెలుగులో ఏడ్చే మనిషి ఒక్కతే — అక్క! చావుకేకలో గొంతు పోల్చుకునే తీరికెక్కడిది?

గోడవారన గడ్డపార ఉంది. నాకు తప్ప ఎవరికీ లేవని గడ్డపార అది. వాడు చీపురుపుల్లలాగ ఎత్తినాడు.

ఒక్క పోటు... తలుపు నిలువునా చీలింది.

లోపల నేలంతా ఎరుపు. ఒక ఆడమనిషి బోర్లా పడి ఉంది, జుట్టంతా తడిసి. ఆమె మీదికి వంగి, తలనిండా దుప్పటి కప్పుకున్న ఆకారం. చేతిలో కొడవలి. నరుకుతోంది... మళ్లీ ఎత్తింది...

"వదలరా మా అక్కను!"

వాడు ఆ తలకు గురిచూసి, ఉన్న బలమంతా పెట్టి గడ్డపార దించినాడు.

ఆకారం గిరుక్కున తిరిగింది.

అక్క ముఖం!

చేతులు ఆగలేదు. పక్కకు మళ్లినాయి, అంతే. గడ్డపార ఆమె చెవి పక్కగా దూసుకుపోయి, మేజాను రెండు ముక్కలు చేసి, నేలలో జానెడు దిగింది. కాగితాలు గదంతా ఎగిరినాయి.

"ఒరే ఎద్దు!" మునియక్క కొడవలి జారవిడిచింది. "పెంచిన పాపానికి నన్నే చంపుతావంట్రా?"

అంతలో... నేలమీది శవం లేచి కూర్చుంది. మాదేశ్వరన్ గోడకు అతుక్కుపోయినాడు. శవం కొంగుతో ముఖం తుడుచుకుంది.

తెన్మొళి అమ్మ!

"బయపడొద్దు నాయనా," అనింది, చక్కటి తెలుగులో. "మాదీ తెలుగిల్లే, బయట ఎవరికీ తెలీదు. రాసేది తమిళమైనా, నొప్పి మాత్రం ఇంటిమాటలోనే వస్తుంది నాకు. ముందు నరికి, అరిచి చూసుకోకపోతే ఒక్క అక్షరం సాగదు. అదిగో, నరికింది అరటిబోదెను. ఇది నెత్తురు కాదు — పసుపూ సున్నమూ కలిపిన దిష్టినీళ్లు."

"ఎవరికీ చెప్పనని ఒట్టేసినాను రా," మునియక్క గొణిగింది. "రోజూ చచ్చేది నేనే. ఈపొద్దు ఆ యమ్మ తానే చస్తాననింది. నరకడం నాకు కొత్త... అందుకే ఇంత పొద్దుపోయింది."

మాదేశ్వరన్ నవ్వినాడు. ఏడ్చినాడు. అక్కను వాటేసుకున్నాడు. ఆమె మెడ మీద కారుతున్న ఎరుపును అరచేత్తో తుడిచినాడు.

ఆ అరచెయ్యి వెలుతురులో పట్టి చూసుకున్నాడు.

"అక్కా... ఈ దిష్టినీళ్లు... ఇంత వెచ్చగా ఉంటాయా?"

మునియక్క చెయ్యి మెల్లగా ఎడమ చెవిదాకా పోయింది. అక్కడ కమ్మ లేదు.

కమ్మ తగిలించుకునే తమ్మె కూడా లేదు.