వెనక బెంచీలో నాన్న

ఉదయం ఆరున్నరకు గెన్‌షెంగ్ కొడుకు మీది దుప్పటి లాగేశాడు. నిద్ర లేపడమంటే ఆయనకు తెలిసింది అదొక్కటే.

"లే. జావ చల్లారిపోతోంది."

రుయ్‌లిన్ లేచాడు. ఇరవై ఏళ్లవాడు, గోడవైపు తిరిగి చొక్కా తొడుక్కున్నాడు. గదిలో రెండు మంచాలు, ఒక కరెంటు పొయ్యి. కిటికీలోంచి యూనివర్సిటీ వెనక గేటు కనిపిస్తుంది. ఆ గది అద్దెకు తీసుకుని రెండు నెలలు దాటింది.

రుయ్‌లిన్ మూడు సబ్జెక్టులు తప్పాడు. శీతాకాలమంతా క్లాసుకు వెళ్లకుండా హాస్టల్ మంచం మీద ఫోన్‌లో గేమ్ ఆడాడు. అలాంటి పిల్లల తల్లినో తండ్రినో యూనివర్సిటీ పిలిపిస్తుంది. పని మానుకుని వచ్చి, దగ్గర్లో గది తీసుకుని, ఒక టర్మంతా పక్కనే ఉండి చదివించాలి. జూన్‌లో ఆ మూడు పరీక్షలూ మళ్లీ రాయాలి. ఈసారి తప్పితే ఇంటికి పంపేస్తారు. గెన్‌షెంగ్ ఆ కాగితం మీద సంతకం పెట్టి, కొండల్లో ఉన్న ఆపిల్ తోటకు తాళం వేసి షీఆన్ నగరానికి వచ్చాడు. ఇంట్లో తాళం చెవి ఇవ్వడానికి ఎవరూ లేరు. భార్య లాన్‌యింగ్ పోయి రెండేళ్లయింది.

క్లాసుకు దారి హాస్టల్ ముందునుంచే. అక్కడ కాపలా ఉండే తావ్ పిన్ని రోజూ ఇంటిపేరుతో పలకరిస్తుంది.

"తిన్నారా, దాంగ్ అన్నా?"

గెన్‌షెంగ్ తల తిప్పుకుని వెళ్లిపోతాడు. కుర్రాడు రెండు రోజులు మేడ దిగలేదని గమనించి, తలుపు తట్టి, జావ తాగించి, ఊరికి ఫోన్ చేసింది ఆవిడే. "నీ పని తాళాలు చూసుకోవడం. మా ఇంటి సంగతి నీకెందుకు?" అన్నాడు వచ్చిన రోజున. ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన ఏ మాటా వెనక్కి తీసుకున్న మనిషి కాదు.

ఆ రోజే కొడుకు ఫోన్ లాక్కున్నాడు. చేసిన పొరపాటు మధ్యాహ్నానికి తెలిసింది. భోజనశాలలో నోట్లు తీసుకోరు, ఫోన్ చూపించాలి. లైబ్రరీ గేటుకూ ఫోనే. హాజరు కూడా అంతే. క్లాసులో గోడ మీద ఒక గుర్తు రెండు నిమిషాలు వెలుగుతుంది, ఆలోపు దాన్ని ఫోన్‌తో పట్టుకోవాలి. ఆ పూట రుయ్‌లిన్‌కు తిండీ లేదు, హాజరూ లేదు. తిరిగి ఇచ్చేస్తే తను ఓడినట్టవుతుంది. అందుకని గెన్‌షెంగే ఫోన్ పట్టుకుని ప్రతి క్లాసుకూ వెళ్లి వెనక బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టాడు.

పిల్లలకు అది వేడుకైంది.

"బాబాయ్, ఇవాళ చెప్పింది అర్థమైందా?"

"నాకెందుకు? మీకైతే చాలు."

"మాకూ కాలేదు బాబాయ్! మనందరం జూన్‌లో కలిసి రాద్దాం."

రుయ్‌లిన్ ముందు బెంచీలో తల వంచుకుని కూర్చునేవాడు. చెవులు ఎర్రబడేవి.

మూడో వారంలో గెన్‌షెంగ్‌కు ఆ ఫోన్‌లో ఒక వీడియో కనబడింది. ఎవరో ముసలాయన ఆపిల్ కొమ్మలు కత్తిరిస్తున్నాడు. తప్పుగా కత్తిరిస్తున్నాడు. చూసి తిట్టుకున్నాడు. వేలితో తోస్తే ఇంకొకటి వచ్చింది. ఆ తర్వాత పురుగుమందు, ఆ తర్వాత ఎక్కడో వడగళ్లు, ఆ తర్వాత ఎవరో ఆడమనిషి పాటలు పాడుతూ పిండి పిసకడం. పనికొచ్చేవే చూస్తున్నాననుకున్నాడు. మే నెల వచ్చేసరికి అన్నం తింటూ కూడా చూస్తున్నాడు.

ఆ ఉదయం క్లాసులో గోడ మీద గుర్తు వెలిగింది, ఆరిపోయింది. గెన్‌షెంగ్ తల ఎత్తలేదు. కాయలకు కాగితపు సంచులు కట్టే కొత్త పద్ధతి చూస్తున్నాడు. ముందు బెంచీలోంచి కొడుకు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడని తర్వాత పక్క పిల్ల చెప్పింది.

మూడు హాజర్లు పోతే ఆ పరీక్ష రాయనివ్వరు. ఫోన్ లేని మొదటి రోజున ఒకటి పోయింది. జ్వరం వచ్చినప్పుడు ఒకటి. ఇది మూడోది.

మధ్యాహ్నం గదిలో నూడుల్స్ గిన్నెలు రెండూ బల్ల మీద అలాగే ఉన్నాయి.

"ఒకసారి ఫోన్ ఇవ్వు నాన్నా. ఆడనులే. ఒకటి చూపిస్తాను."

రుయ్‌లిన్ ఏదో నొక్కి, ఏ రోజు ఎంతసేపు చూశారో చెప్పే లెక్క తెరిచి, ఫోన్ తండ్రి ముందు పెట్టాడు. నిన్న ఏడు గంటల పది నిమిషాలు. మొన్న ఆరున్నర గంటలు.

"ఇవెవరివి?"

"నా చేతిలో ఫోన్ లేదుగా. నీవే."

"నేను తోట పని చూస్తున్నాను!"

"నేనూ ఊరికే ఒక ఆట చూద్దామనే మొదలుపెట్టాను."

గెన్‌షెంగ్ చెయ్యి లేచింది. కుర్రాడు కదల్లేదు.

"కొట్టు. కనీసం అదైనా చెయ్యి. అమ్మ పోయాక పండక్కి ఇంటికొచ్చాను, గుర్తుందా? నలభై రోజులున్నాను. తిను, తలుపు వెయ్యి, దీపం ఆర్పు. ఇంకొక్క మాట అన్నావా నాతో? తెల్లారగానే తోటలోకి పోయేవాడివి. మోకాలి లోతు మంచులో ఏం పని నాన్నా తోటలో?"

తోటలో పని లేదు. గెన్‌షెంగ్ కాపలా గుడిసెలో పొయ్యి కూడా వెలిగించకుండా కూర్చునేవాడు.

"నాతో ఆటలో నలుగురు ఉండేవాళ్లు. ఒక్కడి మొహం కూడా తెలీదు. వాళ్లలో ఒకడు రోజూ మధ్యాహ్నం అడిగేవాడు, తిన్నావా అని. మన ఇంట్లో ఎవరడిగారు?"

చెయ్యి దిగింది. కుర్రాడు ఏడవలేదు. ఆ మొండితనం ఎవరిదో గెన్‌షెంగ్‌కు తెలుసు.

సాయంత్రం ఆయన ఒక్కడే సు మేడమ్ గదికి వెళ్లాడు. ఆ బ్యాచ్ పిల్లల మంచిచెడ్డలు చూసే టీచర్ ఆమె. తన కొడుకు కన్నా ఏడెనిమిదేళ్లు పెద్దదేమో.

"హాజరు పోయింది వాడి తప్పు కాదు." అక్కడ ఆగాడు. తర్వాతి మాట ఆయన జన్మలో అనలేదు. "నాది."

ఆమె ఆశ్చర్యపోలేదు. సొరుగులోంచి ఒక ముద్రించిన కాగితం తీసి ఇచ్చింది.

"ఇది పిల్లలందరి చేతా నింపిస్తాను. ఫోన్ వ్యసనం ఎంతుందో చూసే ఇరవై ప్రశ్నలు. ముప్పై ఆరు మందిలో ఏడుగురు గీత దాటారు. పక్క బ్యాచ్‌లో ఎనిమిది మంది. ఏటా ఇంచుమించు ఇంతే. మీ అబ్బాయి ఒక్కడే చెడిపోయాడని మీరు అనుకుంటున్నట్టున్నారు."

"మీరు నింపారా?"

"నింపాను. గీతకు రెండు మార్కులు ఇవతల ఆగాను." నవ్వింది. "కూర్చోండి, మీరూ నింపండి."

గెన్‌షెంగ్ ఊరి బళ్లో నేర్చిన అక్షరాలతో ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ చదివాడు. తొమ్మిదో ప్రశ్న దగ్గర కలం ఆగింది. ఇంట్లో వాళ్లతో ఉండటం కన్నా ఫోనే నయమనిపిస్తుందా? ఫోన్ గుర్తురాలేదు. గుడిసె గుర్తొచ్చింది. చల్లటి పొయ్యి, కిటికీ బయట మంచు, అర మైలు దూరంలో ఇంట్లో ఒంటరిగా ఒక కుర్రాడు. 'ఎప్పుడూ' అన్న గడిలో టిక్కు పెట్టాడు.

ఆమె దాని వెనకవైపు ఖాళీ చూపించింది. "హాజరు సంగతి మీ చేత్తో రాసివ్వండి. లెక్చరర్‌తో నేను మాట్లాడతాను."

'నా కొడుకు క్లాసులో ఉన్నాడు. నేను లేను. తప్పు నాది' అని రాసి సంతకం చేశాడు.

రెండు రోజుల తర్వాత ఆ హాజరు తిరిగి వచ్చింది. గెన్‌షెంగ్ ఫోన్ కొడుకు చేతిలో పెట్టాడు.

"నీ దగ్గరే ఉంచుకో. నా దగ్గరుంటే మనిద్దరం తప్పుతాం."

రుయ్‌లిన్ తండ్రివైపు చూసి, చాలా రోజుల తర్వాత ఫక్కున నవ్వాడు. అచ్చం తల్లి నవ్వు.

"మధ్యాహ్నం తిన్నావా?" అడిగాడు గెన్‌షెంగ్.

"నీతోనే కదా తిన్నాను నాన్నా."

"అయినా అడిగాను. చెప్పు."

"తిన్నాను."

జూన్ రెండో వారంలో పరీక్షలు అయ్యాయి. మూడూ గట్టెక్కాయి, ఒకటి సరిగ్గా గీత మీద. సెలవులకు కొడుకుతో ఊరికి బయల్దేరేముందు గెన్‌షెంగ్ హాస్టల్ గేటు దగ్గర ఆగాడు. తావ్ పిన్ని తాళాల గుత్తి తుడుచుకుంటోంది.

"ఆ రోజు ఫోన్ చేశారు," అన్నాడు. ఆ తాళాల గుత్తి వైపు చూశాడు. "చెయ్యకపోతే..."

"వెళ్లిరా అన్నా. బస్సు పోతుంది," అంది ఆవిడ. కళ్లు తుడుచుకుంది ఆవిడే.

ఊళ్లో సంచులు కట్టే రోజులు దాటిపోతున్నాయి. కట్టకపోతే కాయకు మచ్చలు పడతాయి. తోట పోయిందనే అనుకున్నాడు. వెళ్లి చూస్తే సగం చెట్లకు అప్పటికే సంచులున్నాయి. పక్క తోటవాళ్లు కట్టారు. ఆయన అడగలేదు. సరిహద్దు గట్టు గొడవతో నాలుగేళ్లుగా వాళ్లతో మాటల్లేవు. గెన్‌షెంగ్ అక్కడే నిలబడి ఒక సంచి వైరు తాకి చూశాడు. గట్టిగా, సరిగ్గా కట్టారు. ఆ సాయంత్రమే గట్టు దాటి వెళ్లి వాళ్లింట్లో టీ తాగాడు.

మిగతా సగం తండ్రీకొడుకులు కట్టారు. పని మొదలెట్టేముందు రుయ్‌లిన్ తన ఫోన్‌నూ తండ్రి పాత ఫోన్‌నూ ఒక కాగితపు సంచిలో వేసి, కాయకు కట్టినట్టే వైరు మెలిపెట్టి కొమ్మకు వేలాడదీశాడు.

"ఇది పండుతుందా?" అన్నాడు గెన్‌షెంగ్.

"అక్టోబర్ దాకా విప్పకపోతే చూద్దాం."

ఇద్దరూ చెరో నిచ్చెన ఎక్కి సంచులు కట్టసాగారు. తర్వాత రెండేళ్లుగా ఆ ఇంట్లో వినబడని పేరు వినబడింది.

"లాన్‌యింగ్ రోజుకు మూడువేల సంచులు కట్టేది. నన్ను రోజూ ఓడించేది. ఓడిపోయినవాడు వంట చెయ్యాలి. రెండేళ్ల కిందటి దాకా నేనే వండాను."

రుయ్‌లిన్ చేతులు ఆగాయి. కళ్లు చెమర్చాయి. నిచ్చెన మీంచి దిగలేదు. "ఇంకా చెప్పు నాన్నా," అన్నాడు.

గెన్‌షెంగ్ చెప్పాడు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా చెప్పాడు. రొట్టెల మూట విప్పుతూ ఏదో గుర్తొచ్చి ఆగాడు.

"ఒరేయ్, ఆటలో నిన్ను రోజూ తిన్నావా అని అడిగినవాడు... పేరేమిటి?"

"అసలు పేరు తెలీదు నాన్నా. ఏ ఊరో కూడా తెలీదు."

"కనుక్కో. కోతయ్యాక తావ్ పిన్నికి ఒక పెట్టె ఆపిల్స్. పక్కవాళ్లకు ఒకటి. వాడికి కూడా ఒకటి." రొట్టె విరిచి పెద్ద ముక్క కొడుక్కి ఇచ్చాడు. "నేను లేనప్పుడు మా అబ్బాయిని చూసుకున్నాడు. ఊరికే ఉండకూడదు."