తుప్పు పట్టాల్సిన ఎద్దు

ఆళ్ళగడ్డ పార్కులో నిచ్చెన మీద నిలబడి, ఉక్కు ఎద్దు మూపురానికి రెడ్ ఆక్సైడ్ రంగు పూస్తున్న ఓబులేసుకు కిందినుంచి కేక వినిపించింది.

"దిగన్నా! ఎవరు చెప్పినారు నీకు రంగేయమని?"

తల తిప్పి చూశాడు. స్కూటీ దిగుతున్న అమ్మాయి కళ్ళు ఎర్రగా మండుతున్నాయి. ఇంత అందంగా కోప్పడేవాళ్ళను ఓబులేసు ఇంతవరకు చూడలేదు. ఆ 'అన్నా' అన్న మాటే కొమ్ములా గుచ్చుకుంది.

"పార్కు కమిటీ సంజీవయ్య సార్ చెప్పినాడు మేడమ్. ఎద్దు తుప్పు పట్టిపోతాంది, రంగు కొట్టమన్యాడు."

"తుప్పు పట్టాలనే చేసినా నేను దాన్ని!"

ఓబులేసు చేతిలో బ్రష్ జారి, నేరుగా ఆమె కొత్త చెప్పుల మీద పడింది.

ఆమె పేరు దెబోరా. నంద్యాలలో ఉక్కుతో శిల్పాలు చేస్తుంది. చెప్పులు తుడుచుకుంటూనే పాఠం చెప్పింది. "ఇది మామూలు ఇనుము కాదు. వెదరింగ్ స్టీల్. వానకు తడిసి, ఎండకు ఆరి, పైన తుప్పే గట్టి పొర కట్టుకుంటాది. లోపలి ఉక్కును కాపాడేది ఆ పొరే."

"అంటే నేను ఎద్దు తోలు మీద రంగు పూసినానా?"

"సగం తోలు మీద. ఇంగ సగం మిగిలిచ్చినావులే, మహానుభావా."

సంజీవయ్య వచ్చి విని, గడ్డం గోక్కున్నాడు. "వానలు పోయేలోపల ఎద్దంతా ఒకే రంగుకు రావాల. రాకపోతే పీకేసి ఫౌంటెన్ పెట్టిస్తాం."

దెబోరా ముఖం వాడిపోయింది. అది ఆమె చేసిన మొదటి పెద్ద శిల్పం. ఓబులేసు నిచ్చెన దిగి వచ్చాడు. "చెడగొట్టింది నేను. బాగు చేసేదాంట్లోనూ నేనుంటా మేడమ్."

సన్నటి గరుకు పొడిని కంప్రెసర్ గాలితో కొట్టి రంగంతా లేపేశారు. రంగు పోయినచోట ఎద్దు తెల్లగా, బొల్లి పట్టినట్టు తేలింది. అక్కడ మళ్ళీ పొర కట్టాలంటే మంచినీళ్ళు పలచగా చల్లాలి, పూర్తిగా ఆరనివ్వాలి, మళ్ళీ చల్లాలి. ఆ పని ఓబులేసుది. దెబోరా ప్రతి శనివారం నంద్యాల నుంచి వచ్చి చూసేది.

"ఏమప్పా, ఎద్దు మాట వింటాందా?"

"ఎద్దు వింటాంది మేడమ్. మీరే వినడంలేదు, టీ తాగమంటే."

మూడో పిలుపుకు తాగింది. తర్వాతి శనివారం రెండు గంటలు కూర్చుంది. ఆ పై వారానికి ఎద్దు వైపు చూసిందే తక్కువ.

ఆమెను సంతోషపెట్టాలని ఓబులేసు ఒక తెలివి చేశాడు. బోరు పైపు లాగి, పొద్దస్తమానం ఆరనివ్వకుండా తడిపాడు. శనివారం దెబోరా వచ్చేసరికి ఎద్దు పక్కటెముకల మీద తెల్లటి ఉప్పు చారలు. తాకితే పొట్టు రాలింది.

"ఉప్పునీళ్ళు కొట్టినావా? ఆరకపోతే పొర యాడ కుదురుతాది? ఏందీ పని?"

"బేగా అయిపోతే సంతోషపడతారనుకుంటి."

"ఎవరు చెప్పినారు నాకు బేగా కావాలని?" గొంతు హెచ్చింది, ఉన్నట్టుండి సన్నబడింది. "పని అయిపోతే, నేను ఈడికి ఏం సాకు చెప్పి రావాల?"

ఆ మాట అన్నాక ఆమెకే సిగ్గేసింది. గబగబా బకెట్ అందుకుంది. ఇద్దరూ మంచినీళ్ళతో చారలు కడుగుతుంటే నల్లమల వైపునుంచి వాన దిగింది. ఒక్కరూ చెట్టు కిందికి పోలేదు.

"మీరు సాకు లేకుండా రావాలని నాకుంది," అన్నాడు ఓబులేసు, వాన చప్పుడు మీద.

"గట్టిగా చెప్పు, వినపడల్య."

"వినపడింది మీకు!"

"వినపడింది. ఇంగోసారి చెప్పు."

వానలు పోయేనాటికి ఎద్దు ముదురు తేనెరంగుకు తిరిగింది. సంజీవయ్య అరచేత్తో గట్టిగా రుద్ది చూశాడు. తుప్పు అంటలేదు, చెయ్యి శుభ్రంగానే ఉంది. "ఉండనీలేప్పా," అని ఫౌంటెన్ మాట మింగేశాడు.

ఆ రోజు దెబోరాతో వాళ్ళ నాయన జీవరత్నం కూడా వచ్చాడు. బడిలో హెడ్మాస్టరు. ఓబులేసును పక్కకు పిలిచాడు.

"మా పాప వారంవారం ఎద్దు కోసమే వస్తాండాదా?"

ఓబులేసు చెమట తుడుచుకున్నాడు. "కాదు సార్."

"నిజం చెప్పినావు, మంచిది. మేము చర్చికి పోయేటోళ్ళం, మీరు అహోబిలం కొండెక్కేటోళ్ళు. మాట్లాడాల్సింది శానా ఉంది. ఆదివారం మధ్యాహ్నం నంద్యాలకు అన్నానికి రా. మీ అమ్మానాయనను పిల్చుకొని రా."

ఆయన స్కూటీ వైపు నడిచాడు. వెనక నడుస్తున్న దెబోరా ఒక్క అడుగు ఆగింది.

"మా అమ్మకు రంగు మరకలంటే గిట్టవు. మంచి చొక్కా ఏసుకో," అంది, నవ్వు ఆపుకుంటూ.