కొలత లేని కాగితం

కిటికీలోంచి పడుతున్న లేత ఎండలో బొమ్మలు గాలికి మెల్లగా ఊగుతున్నాయి. బడిపిల్లలు వేసినవి. రంగులు ఆరాలని అమ్మాయి ముందురోజు తాడు కట్టి వేలాడదీసింది. పళ్లు తోముకుంటూ వచ్చినదల్లా అక్కడే ఆగిపోయింది. నీలం ఆవు గోధుమరంగుకు మారిపోయింది. పక్కకు ఒరిగిన ఇల్లు నిటారుగా నిలబడింది.

"చూశావా?" అంది తల్లి, పాలు దించుతూ మురిపెంగా. "తెల్లారగానే కూర్చుని సరిచేశాను. పాపం, పసివాళ్లకు చెయ్యి తిరగలేదు. మీ మేడం చూస్తే నీకేగా మార్కులు పోయేది."

చిత్రలేఖనం టీచరు కావడానికి అమ్మాయి చదువుతున్న డిగ్రీకి ఇది ఆఖరి ఏడాది. ఇవాళ బడిలో ఆ బొమ్మల మీదే పాఠం చెప్పి పరీక్ష నెగ్గాలి.

"అవి తప్పులు కావమ్మా."

"ఆవు నీలంగా ఉంటుందా?"

"వేసినవాడికి అలా కనిపించింది."

"నాకూ అలా కనిపించిందని జాకెట్టుకు మూడో చెయ్యి కుడితే, తొడుక్కునేవాళ్లు ఊరుకుంటారా?" అంది తల్లి. ఆవిడ ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది.

అన్న తల దువ్వుకుంటూ నవ్వాడు. "నా కొట్లో కూర్చోవే అంటే విన్నావా? వంకర గీతలకు కూడా డిగ్రీనా తల్లీ."

అమ్మాయి నేల మీద చతికిలబడింది. "పరీక్ష పోతే నువ్వు చెప్పిన కొట్లోనే కూర్చుంటాలే అన్నయ్యా. నా బాధ అది కాదు. పిల్లలు నన్ను నమ్మి ఇచ్చారమ్మా. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

తల్లి ముఖం వాడిపోయింది. స్టవ్వు ఆపి, చేతులు కడుక్కుంది.

"చెప్పాల్సింది నేను. పద."

తరగతి గదంతా తడి రంగుల వాసన. వెనక బెంచీలో మేడం కలం పట్టుకుని కూర్చుంది. తల్లి పిల్లల ముందు నిలబడింది.

"మీ బొమ్మలు పాడుచేసింది నేనే నాన్నా. బాగుచేస్తున్నాననుకున్నాను."

ఒక పాప తన కాగితం తిప్పి తిప్పి చూసుకుంది. "నాన్న వస్తున్నాడేమోనని మా ఇల్లు వంగి చూస్తోంది. ఇప్పుడెలా చూస్తుంది?"

తల్లికి కళ్లు నిండాయి. అమ్మాయి అందరికీ తెల్ల కాగితాలు పంచింది. ఒకటి తల్లి ముందూ పెట్టింది.

"కొలత ఏదే?" అంది తల్లి మెల్లగా.

"కొలత లేదమ్మా. నీ ఇష్టం."

ఇన్నాళ్లూ ఒకరి కొలతకు కత్తిరించిన చెయ్యి కుంచె పట్టుకుంది. గీత ఎటో పోయింది. ఆవిడా దాని వెంట పోయింది. అది దారి అయింది, ఏరు అయింది, ఎప్పుడో తన తల నిమిరిన తన తల్లి జుట్టు అయింది. కంటి నుంచి జారిన చుక్క పడి నీలం మబ్బులా విచ్చుకుంది.

పక్కనున్న పాప గుడ్డ అందించబోయింది. "తుడిచేయనా?"

"వద్దమ్మా, అలాగే ఉండనీ."

ఆ మాటకు అమ్మాయి గోడ వైపు తిరిగి కళ్లొత్తుకుంది. మేడం కలం మూసి, దగ్గరకొచ్చి ఆమె భుజం తట్టింది. "మార్కుల బెంగ వద్దు."

ఇంతలో గంట కొట్టడానికి ఆయా వరండాలోకి వచ్చింది. మేడం గుమ్మంలోకి వెళ్లి చెయ్యి అడ్డం పెట్టింది.

"కాసేపు ఆగు. ఇక్కడ ఒకావిడ ఇంకా వేస్తోంది."