నలభై ఒకటో నంబరు వాచీ

"ఆ వాచీ నకిలీదని చెప్పాలి. అంతే నీ పని," అన్నాడు చీఫ్.

డ్రైక్లీనింగ్ షాపు వెనకగది. వరసగా వేలాడే కోట్ల మధ్య ఇనప స్టూలు మీద కూర్చున్న ఏజెంటు తలెత్తాడు. వాచీ రిపేరు షాపులో పెరిగినవాడు కాబట్టి డిపార్ట్‌మెంట్‌లో అతణ్ణి అందరూ భూతద్దం అంటారు.

"అసలుదైతే?"

"అయినా నకిలీదే. ఇవాళ పన్నెండింటికి వేలం. లాట్ నంబర్ నలభై ఒకటి. అరవై ఏళ్లనాటి పైలట్ వాచీ, నల్ల డయల్. దాని కింద మైక్రోఫిల్మ్ ముక్క ఉంది. సరిహద్దు అవతల పనిచేసే మనవాళ్లు తొమ్మిదిమంది పేర్లు. కొనబోయేది కాన్సులేట్ మనిషి. సుత్తి పడిందంటే వాచీ వాడిది, డిప్లొమాటిక్ బ్యాగ్‌లోకి పోతుంది. ఈలోపు ఎవరైనా నిపుణుడు అభ్యంతరం చెబితే లాట్ ఆగుతుంది. పరీక్షకని మన చేతికొస్తుంది."

"ముందే ఎత్తుకొచ్చేస్తే?"

"మనకి ఉప్పందిందని తెలిసిపోతుంది. నెమలి ప్రాణం తీస్తారు."

నెమలి వేలం కంపెనీలో పెద్ద ఉద్యోగి. శత్రువుల జీతం తింటూ మనకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్.

పదకొండింటికి తెల్లగడ్డం, వంగిన నడుముతో ఒక ముసలి నిపుణుడు వేలంశాలలో అడుగుపెట్టాడు. చెవిలో ఉన్న వినికిడి మిషను నిజానికి రేడియో. నీలం గౌనులో, ముత్యాల దండతో నెమలి ఎదురొచ్చింది. ఆమె నడుస్తుంటే గుమాస్తాలు రాస్తున్న రాతలు ఆపేసి చూస్తున్నారు.

"కీ ఇచ్చే వాచీలంటే నాకు భయం," అందామె.

"మరిచిపోయేవాళ్లకే ఆ భయం," అన్నాడతను. కోడ్ సరిపోయింది.

తనిఖీకి ఇచ్చేది అయిదు నిమిషాలు. గుమ్మం దగ్గర కాపలావాడు. డయల్ విప్పే వీల్లేదు, వెనక మూత మాత్రం తీయొచ్చు. అతను మూత తిప్పి, కంటికి అద్దం పెట్టుకుని లోపలికి చూశాడు.

రిపేరు చేసినవాళ్లు మూత లోపల సూదిమొనతో గీసుకునే గుర్తులు అతనికి కొత్త కాదు. కానీ అక్కడున్న మొదటి గుర్తు అతనిదే. ‘బా’ అనే అక్షరం, పక్కన ఒక తారీఖు. అక్క పెళ్ళిరోజు. బావ చేతివాచీని విప్పి, కడిగి, నూనె వేసి, అదే కానుకగా ఇచ్చిన రోజు.

దాని కింద మరో గీత. పరాయి లిపి, ఏడేళ్ల కిందటి తారీఖు.

బావ కూడా ఏజెంటే. పదకొండేళ్ల కిందట వంతెన పేలుడులో పోయాడు. శవం దొరకలేదని చీఫ్ స్వయంగా ఇంటికొచ్చి అక్కకి చెప్పాడు. చచ్చిపోయిన నాలుగేళ్లకి ఎవరైనా వాచీ బాగుచేయించుకుంటారా?

"ఇదెక్కడ చేశారు?" అతను ఆ రెండో గీత చూపించాడు.

నెమలి కేటలాగ్ చూపిస్తున్నట్టు పక్కకి వంగింది. "మావాళ్ల జైలు ఎదురుగా ఉన్న షాపులో. వాచీ ఆగిపోయిందని అతను రెండ్రోజులు తిండి ముట్టలేదు. జైలరుకి జాలేసింది. ఆ చలికాలంలోనే పోయాడు, ఊపిరితిత్తులు చెడి. వాచీని మావాళ్లు ఇలాంటి రవాణాకి ఉంచుకున్నారు. అంతకుముందు మూడుసార్లు మీవాళ్లకి కబురంపారు, ఖైదీల్ని మార్పిడి చేసుకుందామని."

ఆమె తలెత్తి కాపలావాడివైపు ముద్దుగా నవ్వింది.

అతను వరండాలోకొచ్చి చెవి సర్దుకున్నట్టు చెయ్యెత్తాడు. "బావ నాలుగేళ్లు బతికే ఉన్నాడు."

"తెలుసు," అన్నాడు చీఫ్.

"మూడుసార్లు అడిగారట."

"మార్పిడికి వాళ్లడిగిన మనిషి మన దగ్గర నోరు విప్పుతున్న రోజులవి. వదల్లేకపోయాను. అలాంటి ఏజెంటు మాకు లేడని రాసిచ్చాను."

"మరి మా అక్కకి?"

"మెడల్ ఇచ్చాంగా." చీఫ్ గొంతు తగ్గింది. "తొమ్మిదిమంది సంగతి చూడు. తర్వాత నన్నెంతైనా తిట్టుకో."

వేలం హాలు నిండిపోయింది. ముందు వరసలో కాన్సులేట్ మనిషి, తెల్ల గ్లవ్స్ తొడుక్కుని. లాట్ నలభై ఒకటి తెర మీద పడగానే వెనక వరసలోంచి ఒకావిడ లేచి నిలబడింది. భూతద్దం గుర్తుపట్టాడు. అక్క!

"ఆ వాచీ మా ఆయనది. పేపర్లో ఫొటో చూసి వచ్చాను. ఆ సొట్ట మా ఇంటి గడప తగిలి పడింది."

వేలం పెద్దమనిషి పొంగిపోయాడు. "కొన్న కాగితాలు మా దగ్గరున్నాయమ్మా. కానీ మీ నోటితోనే ఇది అసలుదని తేల్చారు. సంతోషం!"

కాన్సులేట్ మనిషి చెయ్యెత్తాడు. పోటీకి ఎవరూ రాలేదు.

"ఒకటోసారి... రెండోసారి..."

సుత్తి పైకి లేచింది.

"ఆగండి!" ముసలి నిపుణుడి కేకకి హాలంతా వెనక్కి తిరిగింది. "ఇది నకిలీ. ముళ్లు వేరే వాచీవి. డయల్ మీది అంకెలు కొత్తగా దిద్దినవి. సొట్ట కూడా కావాలని కొట్టిందే. ఆవిడ పొరబడ్డారు."

"నేనా? నా కళ్లతో..." అంది అక్క. పక్కవాళ్లు జాలిగా చూస్తుంటే మెల్లగా కూలబడింది.

సుత్తి బల్లమీద పడలేదు. రూలు ప్రకారం పోలీసు దుస్తుల్లో ఉన్న మనవాళ్లు వాచీని సంచిలో పెట్టి సీలేసి నిపుణుడి చేతికిచ్చారు. కాన్సులేట్ మనిషి గ్లవ్స్ ఊడబీక్కుంటూ బయటికి నడిచాడు. తొమ్మిదిమంది బతికిపోయారు. "శభాష్," అంది చెవిలో మిషను. అతను దాన్ని పీకి జేబులో పడేశాడు.

బయట మెట్ల మీద ఎండ మండిపోతోంది. అక్క అక్కడే కూర్చుని ఉంది. తల దించుకుని దాటిపోబోయాడు.

"ఒరేయ్," అందామె.

అతను ఆగాడు. గడ్డం ఉంది, నడుం వంచే ఉంచాడు. "ఎవరనుకుంటున్నారమ్మా?" అన్నాడు ముసలి గొంతుతో.

అక్క అతని మొహం వైపు చూడలేదు. రెండు చేతులతో గుండెకి అదుముకున్న సంచి వైపే చూస్తోంది.

"నకిలీదైతే దాన్నెందుకురా అలా పట్టుకున్నావు?"

ఇరవై రెండేళ్ల సర్వీసులో భూతద్దం దొరికిపోవడం అదే మొదటిసారి.