తీరిన మొక్కు

గురువారం పొద్దున్నే ఇడ్లీలు ఉడుకుతుండగా రామమోహన్ నోరు జారాడు. పాపం, ఆయనకది అలవాటే. ముడుపు ఎలాగూ ఫలించింది కదా, శనివారం అరోరా ఊళ్లోని గుడికెళ్లి హుండీలో వేసేసి వద్దామా అని భార్యనడిగాడు. చంద్రిక కళ్లతోనే కసిరింది కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. సోఫాలో కాలు చాపుకుని, మోకాలి మీద ఐస్ ప్యాక్ పెట్టుకుని కూర్చున్న రేష్మ తల తిప్పి చూసింది.

రేష్మ చంద్రిక అక్క పద్మజ కూతురు. లెస్టర్‌లో పుట్టింది. ఎనిమిదో ఏట మగపిల్లలతో కలిసి ఫుట్‌బాల్ మొదలుపెట్టి, పదిహేడో ఏటికల్లా ప్రొఫెషనల్ ప్లేయర్ అయింది. ఇంగ్లండ్‌లో మూడు క్లబ్బులకు ఆడి, పోయినేడాది చికాగో క్లబ్‌కి వచ్చి, ఆ పక్కనే షామ్‌బర్గ్‌లో పిన్ని ఇంట్లోనే ఉంటోంది. మూడు వారాల కిందట, ఎవరూ తగలకుండానే, మ్యాచ్ మధ్యలో కూలబడింది. మోకాలిలో లిగమెంట్ తెగింది. మళ్లీ మైదానంలోకి దిగాలంటే ఆపరేషన్, ఆపైన తొమ్మిది నెలల కసరత్తు. అయినా క్లబ్ వాళ్లు ఇంకో ఏడాదికి కాంట్రాక్ట్ ఇస్తామన్నారు. ఆడతావో మానేస్తావో ఈ మధ్యాహ్నం లోపు చెప్పమన్నారు.

"ఏం మొక్కావు పిన్నీ?" అని అడిగింది రేష్మ.

బాబాయ్ గ్రీన్‌కార్డ్ కోసమని చెప్పబోయి చంద్రిక నాలుక్కరుచుకుంది. అది రాలేదని షామ్‌బర్గ్‌లో తెలియని వాళ్లు లేరు. ఇక దాచి లాభం లేక, స్టవ్ కట్టేసి వచ్చి నిజం చెప్పింది. ముప్పై నిండినా పిల్ల బంతి వెనకాలే తిరుగుతోందని పద్మజ ఫోన్ చేసినప్పుడల్లా ఏడ్చేది. అక్క ఏడుపు వినలేక నెలన్నర కిందట వంటసామాన్ల పాంట్రీలోని దేవుడి అర ముందు కూర్చుని పసుపు గుడ్డలో ముడుపు కట్టింది. రూపాయి బిళ్ల దొరక్క పావు డాలర్ బిళ్ల పెట్టింది. దీనికి ఆ ఆట మీంచి ధ్యాస మళ్లేలా చూడు తండ్రీ అని వేడుకుంది. మూడు వారాలు తిరక్కుండానే పిల్ల మోకాలు పోయింది.

అప్పటినుంచీ చంద్రికకి ఏమీ పాలుపోవడం లేదు. ముడుపు చెల్లిస్తే, పిల్ల కాలు పోవాలని తానే అడిగినట్టు ఒప్పుకున్నట్టవుతుంది. చెల్లించకపోతే మొక్కు ఎగ్గొట్టినట్టవుతుంది. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ మూట వైపు చూడకుండా పెడుతోంది.

"అంటే నేను పడిపోతే మీరందరూ హ్యాపీ," అంది రేష్మ.

"కాదే తల్లీ. ధ్యాస తియ్యమన్నాను గానీ కాలు తియ్యమనలేదు. నువ్వు ఆపరేషన్ చేయించుకో. కాంట్రాక్ట్ ఒప్పుకుని ఆడు. నేను పగలూ రాత్రీ చాకిరీ చేస్తాను. నా పాపం పోవాలి."

"అమ్మ కోసం మానాలి, నీ గిల్ట్ కోసం ఆడాలి. అంతేనా పిన్నీ?"

చంద్రిక కొంగు నోటికడ్డం పెట్టుకుంది. చేసిన తప్పు దిద్దుకోవాలన్న ఆత్రంలో ఇందాక నోరు జారిన రామమోహనే ఇప్పుడు మెల్లగా కలగజేసుకున్నాడు. "మా సంగతి వదిలెయ్యమ్మా. నీకేం కావాలి?"

తెలీదు బాబాయ్ అంది రేష్మ ముందు. తర్వాత ఒక్కొక్కటే బయటపెట్టింది. రెండేళ్లుగా ప్రతి మ్యాచ్‌కీ నొప్పి మాత్రలు మింగే దిగుతోంది. పొద్దున్నే మెట్లు కూర్చుని దిగుతోంది. అది ఎవరి కంటా పడకూడదనే అందరికంటే ముందు లేస్తోంది. ఆ రోజు మోకాలిలో పట్‌మన్న చప్పుడు వినగానే మనసులో మొదట వచ్చిన మాట హమ్మయ్య. అలా అనుకున్నందుకు సిగ్గేసి ఎవరికీ చెప్పుకోలేదు.

"నా కాలు దేవుడేం తియ్యలేదు పిన్నీ. నీ ముడుపు నన్ను ఆపిందంటే నేను ఒప్పుకోను. పదమూడేళ్లు ఆడింది నేను. ఆపితే నేనే ఆపుతా."

అంటూనే ఫోన్ తీసి కోచ్‌కి చేసింది. నాలుగు ముక్కలు ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది, థాంక్స్ చెప్పింది, పెట్టేసింది. ఆట ముగిసింది. రామమోహన్ వెళ్లి ఆమె తల మీద చెయ్యి వేశాడు.

చంద్రిక కోరుకున్నది అక్షరాలా ఇదే. జరిగితే అక్కకి ఫోన్ చేసి పాయసం వండుకోవాలనుకుంది కూడా. తీరా జరిగాక ఫోన్ ముట్టుకోలేదు. వెళ్లి పిల్లని పొదివి పట్టుకుంది. అంతవరకు నిబ్బరంగా ఉన్న రేష్మ పిన్ని భుజం మీద భోరుమంది. ఇద్దరూ ఏడ్చారు, ఎవరు ఎవరిని ఓదారుస్తున్నారో తెలియకుండా.

"పిన్నీ," అంది రేష్మ చివరికి, కళ్లు తుడుచుకోకుండానే. "రేపట్నుంచి పొద్దున్నే లేచి నేనేం చెయ్యాలి?"

దేవుణ్ణి అడిగేటప్పుడు చంద్రిక అంతదాకా ఆలోచించలేదు.