గడ్డ చుట్టూ గోడ

ల్యాబ్ టెక్నీషియన్ కోటేష్‌ను ఖమ్మం బైపాస్ మీద లారీ గుద్ది చంపింది. యాక్సిడెంట్ అన్నారు పోలీసులు. స్పెషల్ సెల్ చీఫ్ వెంకటప్పయ్య నమ్మలేదు. ఏజెంట్ జమ్లిని పిలిపించాడు.

“దవాఖానాల పదకొండు బ్లాకులు మాయం. పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్లల్ల తీసి మైనంల దాచిన ముక్కలు. విదేశీ ముఠా పని. కోటేష్ కనిపెట్టిండు. పోయిండు.”

“గడ్డలతోని విదేశీ ముఠాకు ఏం పని సార్?”

“గడ్డ కాదు, దాని చుట్టూ ఉన్న టిష్యూ. అక్కడి మంచి కణాలే మారిపోయి గడ్డకు కాపలా కాస్తయి. గోడ కడతయి, రక్తం అందిస్తయి. ఆ మార్పున్న ముక్కలనే పైదేశం ల్యాబులకు అమ్ముతున్నరు.”

అడిగితే ఇచ్చేవాళ్లే ఆ రోగులు. ఎవడూ అడగలేదు. తండా మనిషిని అడిగే అలవాటు మన దొరలకే లేదు, పైదేశపోడికి ఎక్కడిది?

ఒక బ్లాకు దస్రుది. దమ్మపేట దగ్గరి తండా రైతు, జమ్లికి సొంత కాకా, నాన్న తమ్ముడు. జబ్బు కాలేయానికి పాకింది. కొత్త ముక్క కోసం మళ్లీ కోస్తే తట్టుకోలేడు. ఒంట్లోని సిపాయి కణాలు ఆ గోడ దాటి గడ్డలోకి వెళ్లాయని బ్లాకులో తేలితేనే డాక్టర్ కొత్త ఇంజెక్షన్ ఇస్తాడు. మిగిలిన దారి అదొక్కటే.

మర్నాడు పొద్దున మిర్చి యార్డు. బ్లాకులు అక్కడి నుంచే దాటుతాయని కబురు. ఊడ్చే కూలీ వేషంలో జమ్లి, చెవిలో గింజంత మైక్.

నల్లకళ్లద్దాలు, సిల్కు చీర, సెంటు ఘుమఘుమతో రాజ్యశ్రీ వచ్చింది. పేరుకు మెడికల్ రెప్. ముఠాలో ఉంటూ సెల్‌కు రహస్యాలు మోసే మనిషి.

“ఘాటు ఎలా ఉంది?” కోడ్ వర్డ్.

“కండ్లు మండుతున్నయ్.”

“సరుకు నాలుగో గేటు లారీలో ఉంది. బయల్దేరుతోంది, తొందరగా వెళ్లు.”

జమ్లి రెండడుగులు వేసి ఆగింది. ఆ రోజు ధర తేల్చే జెండా పాటకు వేళయింది. పాటకు ముందు రైతులు బస్తాల మూతులు విప్పి పెడతారు. కాయ విరిచి చూడందే ఖరీదుదారు ధర పలకడు. వరస మొత్తంలో ఒక్క బస్తా మూతి కుట్టి ఉంది. రాజ్యశ్రీ పక్కనే.

“ఏందక్కా, నీ మిర్చికి సిగ్గా? మొకం సూపిస్తలేదు?”

రాజ్యశ్రీ నవ్వు ఆరిపోయింది.

“సార్, ఈమె అటే కలిసింది!” మైక్‌లో అరిచి, జమ్లి పక్క హమాలీ చేతిలోని కొక్కెం లాక్కుని బస్తా చీల్చింది. ఎర్రటి కాయల మధ్య నుంచి ప్లాస్టిక్ డబ్బా జారిపడింది. రాజ్యశ్రీ సెంటు బాటిల్ దాని మీద కుమ్మరించింది. గుప్పున పెట్రోలు వాసన. చేతిలో లైటర్ వెలిగింది. మైనం కరిగితే సాక్ష్యం లేదు, దస్రు లేడు.

జమ్లి విసిరిన కొక్కెం ఆమె మణికట్టుకు తగిలింది. లైటర్ డబ్బాకు జానెడు దూరంలో పడి ఆరిపోయింది. నాలుగు నిమిషాల్లో సెల్ మనుషులు ముఠాను గేటు దగ్గరే పట్టేశారు.

వారానికి జమ్లి దవాఖానాకు వెళ్లింది. దస్రు మంచంలో బొమికల గూడులా ఉన్నాడు.

“దొంగలు దొరికిండ్రు కాకా.”

“నా ముక్క?”

“దొరికింది. డాక్టర్ సూసిండు.” జమ్లి నేల చూసింది. “గోడ గట్టిగున్నదంట. సిపాయిలు బయటనే ఆగిపోయిండ్రు. ఆ సూది పనిచెయ్యదంట.”

దస్రు పొట్ట తడుముకున్నాడు.

“గోడ కట్టింది ఎవలు? పైదేశపోళ్లా?”

“కాదు కాకా. నీ కణాలే. నీ తిండి తిన్నయే.”

దస్రు పొడిగా నవ్వాడు.

“మన బడి గోడ కట్టిన కాంట్రాక్టరు కన్నా నయమే బిడ్డా. తిన్నందుకు గట్టిగ కట్టినయ్.”